వ్యాపారవిద్యయా? వేతనవిద్యయా?

వేసవి సెలవులు వచ్చినతోడనే మన పట్టణముల కూడళ్లయందు ఒకవిధమైన చిత్రపటములు వెలయుచుండును. టై కట్టిన యువకుని బొమ్మ. దాని ప్రక్కను ఒక కళాశాల పేరు. ఆ పేరుకంటె పెద్దయక్షరములతో ‘ఇన్నిలక్షల ప్యాకేజి’ అని ఒక మొత్తము. ఆ యువకుడు ఏమి చదివెనో, వానికి ఎవరు చదువు చెప్పిరో ఆ పటమున నుండదు. పెండ్లిసంబంధములు కుదుర్చువారు వరుని ఫోటోవెనుక జీతము వ్రాసికొనుట మనమెఱిగినదే. విశ్వవిద్యాలయపు గుర్తింపు పొందిన విద్యాలయము తన విద్యను గూర్చి చెప్పుకొనగలిగిన మాట యదియొక్కటియే యైనప్పుడు మనము కొంచెము నిలిచి యాలోచింపవలసియున్నది.

ఎం.బి.ఏ. పట్టమునిచ్చు విద్యాలయములను గూర్చి వ్రాయబూనితిమని విని మా మిత్రుడొకరు, “బడిపంతులకు వర్తకుని జూచిన కన్నుకుట్టుట సహజమే” యని నవ్విరి. మేము బోధించిన బాలుడు కొలది యేండ్లలోనే మా జీతమునకు రెట్టింపు తెచ్చుకొనుచుండగా మాకు అసూయ లేదని ప్రమాణము చేయజాలము. కాని అసూయాపరుడు కూడినంతమాత్రమున కూడిక తప్పుకాదు. చదువరులు మా లెక్కను చూతురుగాక.

మొదట ఒక యపోహను తొలగింతుము. వర్తకము విద్యాలయమున బోధింపదగినది కాదని మేమనుట లేదు. కౌటిల్యుడు విద్యలు నాలుగని చెప్పి ఆన్వీక్షికి, త్రయి, వార్త, దండనీతి యని వానికి పేర్లు పెట్టెను. వార్త యనగా కృషి, పశుపాలనము, వాణిజ్యము. వేదములకును రాజనీతికిని ప్రక్కనే దానికి పీట వేసినాడు. నేడు పుస్తకముల యంగళ్లలో చాణక్యుని పేర విజయసూత్రములను విక్రయించువారు రెండు సంగతులను విడిచిపెట్టుచున్నారు. వార్తలో వాణిజ్యము మూడవది. సేద్యమును పశువులును దానికి ముందున్నవి. ఇక విద్యలలోనెల్ల ఆన్వీక్షికి దీపమువంటిదని ఆయన మతము. అది హేతువులచేత బలాబలములను పరీక్షించు విద్య. 1909లో శామశాస్త్రిగారు అచ్చువేయించువఱకు ఆ గ్రంథము పెక్కుమంది పండితులకే కంటబడలేదు. ఇప్పుడు చదువకయే యుదాహరించువారికి కొఱత లేదు.

మన దేశమున పూర్వము వర్తకమునకు బడి లేకపోలేదు. అంగడియే బడి. చిట్టా, ఆవర్జా, హుండీ, సరకు నాణ్యము, అప్పు పుచ్చుకొనువాని ముఖము చదువుట—ఇవన్నియు వర్తకుల యింట పుట్టిన బాలుడు పదునాఱేండ్లు నిండకమునుపే నేర్చుకొనెడివాడు. ఆ విద్యను మేము తక్కువచేయము. కాని తండ్రికి అంగడి లేనివానికి ఆ బడి లేదు. సాలెవాడు నేసెను, లాభము మఱియొకరిది. రైతు పండించెను, ధర కట్టినవాడు మఱియొకడు. లెక్క తెలిసినవారొక వైపునను, వేలిముద్ర వేయువారొక వైపునను ఎన్ని తరములు కూర్చుండిరో మన పల్లెల ప్రామిసరీ నోట్లే సాక్ష్యము. కాబట్టి వర్తకమర్మములను అంగడిగోడ దాటించి, ఏ కులమున పుట్టినవారికైనను, స్త్రీలకైనను బోధించు బడి బాలికాపాఠశాలతో సమానమైన సంస్కారకార్యము. అట్టి బడికి మేము శత్రువులము కాము. దాని పేర నేడు జరుగుచున్న తంతునకు శత్రువులము.

ఆ బడిని తొలుత స్థాపించినవారును ఇట్టి మాటయే చెప్పిరి. అమెరికాలో లోహపరిశ్రమలవలన ధనవంతుడైన జోసెఫ్ వార్టన్ 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు లక్ష డాలర్ల విరాళమిచ్చి తన పేరుగల విద్యాలయమును నెలకొల్పినప్పుడు, కొట్లలో శిష్యరికముచేత గుమాస్తాపని యబ్బునుగాని విశాలదృష్టి యలవడదని ఆయన వాదము. 1908లో హార్వర్డు విశ్వవిద్యాలయము తన వ్యాపారవిద్యాలయమును తెఱచెను. న్యాయవాదికిని వైద్యునికిని ఉన్నట్లే వ్యాపారనిర్వాహకునికిని ఒక శాస్త్రము, ఒక ధర్మము, లోకమునెడల ఒక బాధ్యత యుండవలెనని ఆ తరమువారి యాశ. 1959లో ఫోర్డు, కార్నెగీ సంస్థలు వేర్వేఱుగా విచారణ జరిపించి, ఈ విద్యాలయములలోని చదువు నీరసమైనదని, బోధకులు శాస్త్రపరిశ్రమ లేనివారని నివేదికలు వెలువరించిరి. ఆ చీవాట్లు తిన్నపిమ్మట విద్యాలయములు గణితమును, అర్థశాస్త్రమును ఆశ్రయించి శాస్త్రమును సంపాదించినవి. ధర్మమును మాత్రము దారిలో జారవిడిచినవి. ఈ మాట మా కల్పన కాదు. కలకత్తాలో జన్మించి లండనులో ఆచార్యుడైన సుమంత్ర ఘోషాల్ మరణానంతరము 2005లో వెలువడిన తన వ్యాసమున, మనుష్యుడు స్వార్థపరుడే యను సిద్ధాంతమును శాస్త్రముగా బోధించి తామే శిష్యులను బాధ్యతనుండి విముక్తులను జేసితిమని స్వజనమునే నిందించెను.

(ఒక చిన్నమాట. ఇంగ్లీషువారి ‘స్కూలు’ గ్రీకుభాషలో తీరిక యను అర్థముగల మాటనుండి పుట్టినది. ‘బిజినెస్’ అనగా తీరిక లేకుండుట. ఈ రెండుమాటలకు పెండ్లిచేసినవారికి కాపురము కష్టమగునని తోచకపోవుట వింత.)

మనదేశమునకు ఈ విద్య ఆలస్యముగా రాలేదు. మన ఆంధ్రవిశ్వవిద్యాలయము 1957లోనే ఎం.బి.ఏ. తరగతిని ప్రారంభించెను. 1961లో కలకత్తాలోను అహమ్మదాబాదులోను రెండు ఐ.ఐ.ఎం.లు వెలసినవి, మొదటిదానికి అమెరికాలోని ఎం.ఐ.టి., రెండవదానికి హార్వర్డు తోడ్పడినవి. ప్రభుత్వపు ధనముతో స్థాపింపబడిన ఆ విద్యాలయములు క్రొత్తగా నెలకొనుచున్న పరిశ్రమలకు సమర్థులను సమకూర్చినవి. ఆ మేలు మఱచుట న్యాయము కాదు. కాని నేడు అవి చేయుచున్న ముఖ్యకార్యమేమి? ఏటేట మూడులక్షల ప్రాంతపు యువజనులు ‘క్యాట్’ అను పరీక్షకు పేర్లు నమోదు చేయించుకొందురు. వారిలో కొన్నివేలమందిని ఏఱుదురు. ఏఱబడినవారిలో ఇంజనీరింగు ముగించినవారే తఱచు. పిమ్మట రెండేండ్ల తుదిని కంపెనీలవారు వచ్చి వారిని కొనిపోవుదురు. ఏఱుటలోనే పని చాలవఱకు ముగిసినది; నడుమనున్న రెండేండ్లలో ఏమి కలిసెనో తూచి చెప్పువారు లేరు. ఆరోగ్యవంతులను మాత్రమే చేర్చుకొను ఆసుపత్రి, “మా యొద్ద చచ్చినవారే లే”రని ప్రకటించుకొన్నచో ఆ వైద్యుని మనము మెచ్చుకొందుమా?

ఇక రుసుము మాట. 2004లో అహమ్మదాబాదు విద్యాలయపు రుసుము ఏటికి లక్షన్నర ప్రాంతముండగా, దానిని 30,000 రూపాయలకు తగ్గింపవలెనని కేంద్రప్రభుత్వ మాజ్ఞాపించినది. స్వాతంత్ర్యమునకు భంగమని పెద్ద కలకలము పుట్టినది. ప్రభుత్వము మాఱినతోడనే ఆ యాజ్ఞయు పోయినది. నేడు అచ్చట రెండేండ్ల చదువునకు రుసుము 25 లక్షలకు తక్కువ కాదు. బీదలకు విద్యార్థివేతనములున్నవనియు, బ్యాంకులు తనఖా లేకయే అప్పిచ్చుననియు సమాధానము చెప్పుదురు, నిజమే. అయితే 25 లక్షల యప్పుతో వెలుపలికి వచ్చిన యువకుడు ఏ ఉద్యోగము వెదకును? చేనేత సహకారసంఘమునకు కార్యదర్శి యగునా? అప్పే వాని వృత్తిని నిర్ణయించును. ఆపైని, మావారు సమాజసేవకు పోవుట లేదేమని ఆచార్యులు సభలలో వగచుదురు.

ధర్మము మాట యెత్తితిమిగనుక మన హైదరాబాదులో జరిగినదానిని స్మరింపక తప్పదు. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజుగారు అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయమున ఎం.బి.ఏ. చదివినవారు. ఆ కంపెనీ డైరెక్టర్ల సభలో హార్వర్డు వ్యాపారవిద్యాలయపు ఆచార్యులొకరును, 2001లో హైదరాబాదున ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీనుగారును సభ్యులుగా నుండిరి. 2008లో ఆ కంపెనీకి సత్పరిపాలనమునకై గోల్డెన్ పీకాక్ బహుమానము వచ్చెను. ఆ యేడే డిసెంబరు 16వ తేదీని, రాజుగారి కుటుంబమువారివైన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు ఆ సభ అంగీకరించినది. వాటాదారులు గగ్గోలు పెట్టగా కొన్ని గంటలలోనే ఆ తీర్మానమును రద్దుచేసికొనిరి. 2009 జనవరి 7వ తేదీని రాజుగారే జాబు వ్రాసి, పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని యొప్పుకొనిరి. 2015 ఏప్రిలులో ప్రత్యేకన్యాయస్థానము వారిని, మఱికొందఱిని దోషులని నిర్ణయించి శిక్ష విధించినది. పిమ్మట అప్పీలులో శిక్ష నిలుపబడినది.

ఆ యాచార్యులకు దొంగలెక్క ముందే తెలియునని యెవరును నిరూపింపలేదు, మేమును అనము. మేమడుగునది వేఱు. బ్యాంకులోని సొమ్ము నిజముగా నున్నదా యని బ్యాంకు నడిగి తెలిసికొనుట లెక్కల పరీక్షకు ఓనమాలు. కిరాణాకొట్టు గుమాస్తాయైనను రాత్రి తలుపు వేయుటకు ముందు గల్లాపెట్టె లెక్కించును. వ్యాపారశాస్త్రమున శిఖరములనదగిన రెండు విద్యాలయముల పెద్దలు కూర్చున్న సభకు, యజమాని తన కుమారుల కంపెనీలను తన వాటాదారుల సొమ్ముతో కొనుట తొలిచూపునకే తప్పుగా తోచకపోవుటకు కారణమేమి? అజ్ఞానము కాదు. ప్రశ్నించుట యను విద్య వారి పాఠ్యక్రమమున లేదు. ఆన్వీక్షికి లేని వార్త ఇట్లుండును. ఈ ఘటన జరిగినపిమ్మట నీతిపాఠములను చేర్చిన విద్యాలయములు లేకపోలేదు. వారమున కొక్కగంట నీతిని, తక్కిన గంటలలో లాభమును బోధించినచో విద్యార్థి దేనిని పరీక్షకు చదువుకొనునో బడిపంతులమైన మాకు తెలియును.

ఇంతవఱకు మేడలమాట. మా హృదయమును కలచునది మాత్రము మా జిల్లాలవంటి చోట్ల నూళ్లవెలుపల లేచిన చిన్న కళాశాలల మాట. 2008 తరువాత ప్రభుత్వము పేదవిద్యార్థుల రుసుమును తానే చెల్లించు ఫీజు రీయింబర్సుమెంటు పద్ధతి విస్తరించినప్పుడు మేము మనసార సంతసించితిమి. ఇప్పటికిని ఆ పద్ధతి మంచిదనియే మా మతము. కాని రుసుము వచ్చుట నిశ్చయమైనచోట చదువు వచ్చుట యనవసరమని కొందఱు యజమానులు కనిపెట్టిరి. ఇంజనీరింగు కళాశాల మేడమీద నొక గది, వాకిట నొక బోర్డు, ఎం.బి.ఏ. సిద్ధము. తనిఖీ దినమున ఎరువు తెచ్చిన యధ్యాపకులు, ఎరువు తెచ్చిన పుస్తకములు. తనిఖీ ముగియగానే రెండును బండి యెక్కి వేఱొక యూరి తనిఖీకి పోవును. పాఠము చెప్పు యువకుడు తానును మొన్ననే అదే పట్టము పొందినవాడు. ఏనాడును ఒక యంగడి లెక్క చూచి యెఱుగడు. వానికిచ్చు జీతము తాపీపనివాని కూలికి సరిరాదు. మేము వానిని నిందింపము.

మా పాఠశాలలో పదవతరగతి చదివిన బాలుడొకడు, చిన్నరైతు కుమారుడు, ఇట్టి కళాశాలయొకదానిలో ఎం.బి.ఏ. ముగించెను. కులమున గాని ఇంట గాని అంతవఱకు వ్యాపారవిద్య నెఱిగినవారు లేరు. పైని మేము చెప్పిన సంస్కారకార్యము ఎవరికొఱకో, అతడే ఆ బాలుడు. వాని ప్రవేశపత్రముపై సంతకముచేసి, చేరుమని ప్రోత్సహించినవారము మేమే. రెండేండ్ల పిమ్మట ఒకనాటి సాయంకాలము తండ్రియు కొడుకును మా యింటికి వచ్చిరి. తండ్రిచేతిలో బ్యాంకు పంపిన ఇంగ్లీషు నోటీసొకటి యున్నది.

“మాస్టారూ, ఇందులో ఏముందో మావాడికి అంతుపట్టటం లేదండీ. తమరొక్కసారి చూడండి,” అని ఆయన చేతికిచ్చెను. కొడుకు తల వంచుకొని నిలిచియుండెను.

సంగతి కష్టమైనది కాదు. పంటఋణము లక్షయేబదివేలు. అట్టి ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోపల తీర్చినవారికి 3 రూపాయలు ప్రభుత్వము భరించును. అనగా గడువు తప్పకున్న 6,000, తప్పినచో కనీసము 10,500. ఆయన పసుపు దుగ్గిరాల ప్రాంతపు శీతలగిడ్డంగిలో నున్నది. ధర పెరుగునని కనిపెట్టుకొని యున్నాడు. గిడ్డంగి బాడుగ నెలనెలకు పెరుగుచున్నది. ఇప్పుడమ్మి అప్పు తీర్చుటయా, ఆగుటయా? ఆగినచో క్వింటాలునకు ఎంత ధర పెరిగిన గిట్టును? ఎం.బి.ఏ. లో ఆర్థికశాఖను ప్రత్యేకముగా చదివినవానికి ఇంతకంటె సరియైన ప్రశ్న యుండునా? ‘వర్కింగ్ క్యాపిటల్’ అనగానేమని యడిగితిమి. నిర్వచనమును తడబాటు లేక యప్పగించెను. అది తన తండ్రి పసుపేయని వానికెవరును చెప్పలేదు. వాని ప్రాజెక్టు నివేదిక దేనిని గూర్చియని యడుగగా, మోటారుసైకిళ్ల దుకాణములో ఖాతాదారుల సంతృప్తిని గూర్చి యనెను. ఆ దుకాణమునకు పోయితివా యనగా నవ్వెను. కళాశాల యెదుటి జిరాక్సు కొట్టులో నూటయేబది పుటల నివేదిక సిద్ధముగా దొరకునట, పేర్లు మాత్రము మార్చి బైండు చేయించి యిత్తురట. ఇప్పుడతడు బంగారముపై అప్పులిచ్చు కంపెనీలో ఇంటింటికి తిరిగి ఖాతాలు చేర్పించు పనిలో నున్నాడు. ఆ పని నీచమని మేమనము. దానికి ఎం.బి.ఏ. అక్కఱలేదని మాత్రము ఆ కంపెనీవారే చెప్పుదురు.

ఆ రాత్రి మేము మువ్వురమును కాగితముమీద లెక్క వేసితిమి. బాలుడు మందమతి కాడు. త్రోవ చూపినపిమ్మట మాకంటె వేగముగా వేసెను.

“పల్లెటూరి రైతుల పసుపును పాఠముగా చెప్పినచో కంపెనీలు ఉద్యోగమిచ్చునా?” యని కళాశాలలవారు మమ్మడుగుదురు. ఇప్పుడు చెప్పుచున్న పాఠమునకు ఇచ్చుచున్నవా యని మా యెదురుప్రశ్న. ఇంతకును మన ప్రాంతమున పాఠములకు కొఱత యేమి? 1923లో బందరున ఆంధ్రాబ్యాంకును స్థాపించిన పట్టాభిసీతారామయ్యగారు వైద్యులు. ఒక వైద్యుడు మొదలిడిన బ్యాంకు ఎట్లు పెరిగెను, తొంబదియాఱేండ్లు దాటి బ్రదికిన సంస్థ 2020లో యూనియన్ బ్యాంకులో నేల కలిసిపోవలసివచ్చెను? తెలంగాణమున ముల్కనూరులో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డిగారు మొదలిడిన సహకారగ్రామీణబ్యాంకు, అప్పిచ్చుట, ఎరువులమ్ముట, పంటకొనుట అన్నియు ఒక్క కప్పుక్రింద జరుపుచు నేటికిని నిలిచియున్నది. చుట్టుప్రక్కల నెన్నో సహకారసంఘములు కూలగా అదియేల కూలలేదు? హార్వర్డువారి పద్ధతియనగా ఇదియే గదా: నిజముగా జరిగిన సంగతిని తరగతి యెదుట పెట్టి, నీవైనచో ఏమి చేయుదువని విద్యార్థి నడుగుట. పద్ధతిని దిగుమతి చేసికొన్నవారు అమెరికాకంపెనీల సంగతులనుకూడ పెట్టెతో సహా దిగుమతి చేసికొనిరి.

దీనికి మార్గము చూపినవారును ఆ విద్యాలయములలోనే యుండిరి. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. కు తొలి పూర్తికాలపు డైరెక్టరైన రవి మత్తాయిగారు 1972లో తమంతట తాము పదవి విడిచి, అచ్చటనే సామాన్యాచార్యులుగా నిలిచి, 1975లో రాజస్థానమునందలి జవాజా యను కఱవుప్రాంతమునకు పోయి, అచ్చటి సాలెవారు, తోలుపనివారు తమ లెక్కలు తామే చూచుకొని తమ సరకు తామే అమ్ముకొను నేర్పును వారితో కలిసి నేర్చుకొనుచు నేర్పిరి. 1979లో ఆనందునందు కురియన్‌గారు గ్రామీణనిర్వహణమునకే ప్రత్యేకముగా ఇర్మా యను విద్యాలయమును స్థాపించిరి. ఇవి కలలు కావు, జరిగిన పనులు. ఇట్టివారి పటములు మన కూడళ్లలో వ్రేలాడవు, వానిక్రింద వ్రాయుటకు లక్షల మొత్తము లేదు గనుక.

భాష మాటయు నున్నది. వర్తకమంతయు తెలుగున జరుగు నేలమీద వర్తకవిద్య యంతయు ఇంగ్లీషున జరుగుచున్నది. ఇంగ్లీషు వలదని మేమనము. ఆ బ్యాంకు నోటీసే దాని యక్కఱకు సాక్షి. కాని గుంటూరు మిర్చియార్డులో దళారితో బేరమాడవలసినవాడు, పోచంపల్లి నేతగానితో కూలి మాటాడవలసినవాడు ఆ మాటలను తరగతిలో నొక్కసారియైన వినకుండ పట్టము పుచ్చుకొనుట విడ్డూరము.

ఈ సంవత్సరము జూనులో మఱియొక తండ్రి, ఈసారి కూతురు కొఱకు, మాయొద్దకు వచ్చెను. సంతకము పెట్టుటకు ముందు ఆ కళాశాలను చూతమని ఆయనతో కలిసి బస్సెక్కితిమి. కార్యాలయములోని గుమాస్తా ఆదరముగా కూర్చుండబెట్టి రంగుల పుస్తకము నిచ్చెను. అందు ఉద్యోగములు పొందినవారి బొమ్మలు పదునెనిమిది పుటలు. గ్రంథాలయమును చూడవచ్చునా యని యడిగితిమి. పుస్తకములను విద్యార్థులు పుచ్చుకొన్నట్లు సంతకములుండు రిజిస్టరు చూపిన చాలునంటిమి. గుమాస్తా లోనికి పోయి, చాలసేపటికి తిరిగివచ్చి, తాళపుచెవి యున్నవారు సెలవులో నున్నారని చెప్పెను. అధ్యాపకులెవరైన నున్నారా యనగా, వారును సెలవులోనే యనెను. మేమిరువురమును మధ్యాహ్నపు బస్సునకు తిరిగివచ్చితిమి.